మెట్టసీమలో బి.ఏ. పట్టము: జీవనమార్గముల సమీక్ష

నెల్లూరునుండి పడమటగా బయలుదేరి, సంగము, ఆత్మకూరు దాటి బద్వేలు వైపు పోవు బొంబాయి రహదారిలో ప్రయాణము చేయువారికి పెన్న ఆయకట్టు పచ్చదనము క్రమముగా వెనుకబడి, ఎర్రనేలలును, రాతిగుట్టలును, పొగాకు చేలును, అక్కడక్కడ బత్తాయి తోటలును, వాని కావల వెలిగొండల నీలిరేఖయు కానవచ్చునప్పటికి మర్రిపాడు మండలము ప్రవేశించినట్లు తెలియును. సోమశిల జలాశయము చేరువనే యున్నను ఇది మెట్టసీమ. వానను నమ్మి విత్తు చల్లువారి సీమ. ఇట్టిచోట నొక రైతుకుటుంబము తన బిడ్డను పట్టభద్రుని చేయుటకు పూనుకొన్నదనగా, ఆ చదువు వెనుక ఒక యెకరము అమ్మకమో, వడ్డీకి తెచ్చిన అప్పో, ఇంటివారిలో నొకరు దూరదేశమునకు పోయి పంపిన సొమ్మో ఉండుట పరిపాటి. కావుననే ఇంటర్మీడియట్‌లో హెచ్.ఇ.సి. గాని సి.ఇ.సి. గాని చదివి బి.ఏ.లో చేరిన పిల్లవాడు పెండ్లిపందిరిలో కనబడినప్పుడు పెద్దలు "బి.ఏ. చేసి ఏంజేస్తావబ్బయా?" అని అడుగుటలో పరిహాసముకంటె భయమే ఎక్కువ. చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి, భాషాసాహిత్యములు చదివిన ఈ పిల్లలకు నేడు తెరచియున్న ద్వారము లెవ్వి, వానిలో నమ్మదగిన వెన్ని, ఏ ద్వారమువద్ద ఎంతకాలము నిలువవచ్చును అనునది తీరికగా విచారింపదగిన ప్రశ్న.

ఒకప్పుడు ఈ ప్రశ్న పుట్టుటకే అవకాశము లేకుండెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ మేర్పడిన పిమ్మట చిరకాలము బి.ఏ. యనునదియే తెలుగునాట ఉన్నతవిద్య. విజయనగరమున 1886లో ఆ పట్టము పొందిన గురజాడ అప్పారావు గుమాస్తాగిరి చేసెను, కళాశాలలో బోధించెను, సంస్థానమున శాసనపరిశోధకుడయ్యెను, అన్నిటి నడుమను రచయిత యయ్యెను. అనగా ఒకే చదువునుండి ఒకే మనుష్యుడు నాలుగు వృత్తులకు నడిచిపోయెను. నెల్లూరులో వెంకటగిరి రాజావారి పేరిట వెలసిన వి.ఆర్. కళాశాలయు, కావలిలో 1951లో వెలసిన జవహర్ భారతియు ఈ జిల్లాకు ఉపాధ్యాయులను, వకీళ్లను, పాత్రికేయులను, రెవెన్యూ ఉద్యోగులను తరతరములుగా నందించినవి. గురజాడను గూర్చి "మహోదయం" రచించిన కె.వి. రమణారెడ్డి ఆ కావలి కళాశాలలోనే తెలుగు బోధించిన ఆచార్యుడు. వీధి గడపలమీద "బి.ఏ., బి.ఎల్." అను పలకలు వ్రేలాడిన కాలము మన తాతలకు జ్ఞాపకమే.

ఆ ప్రతిష్ఠ ఎట్లు సడలినది? మొదటి కారణము సాఫ్ట్‌వేర్ ఉద్యోగముల ఆకర్షణ. రెండవది, 2008లో ఆరంభమైన బోధనారుసుముల పథకముతో ఇంజనీరింగు విద్య పేద కుటుంబములకును అందుబాటులోనికి వచ్చుట. ఇది మేలే యని చెప్పవలెను. మూడవది, కార్పొరేట్ కళాశాలల వ్యవస్థ కొంత నెల్లూరు గడ్డమీదనే పుట్టి రాష్ట్రమంతట వ్యాపించి, ఎం.పి.సి., బై.పి.సి. తప్ప తక్కిన గ్రూపులు చదువులే కావను భావమును తల్లిదండ్రుల మనస్సులలో నాటుట. ఈ మూడింటి ఫలితముగా కళావిభాగము, మార్కులు చాలని వారికిని, రుసుము కట్టలేని వారికిని మిగిలిన విభాగమైనది. పిమ్మట ఆ తరగతులకు అధ్యాపకులు కొరవడిరి. పాఠ్యగ్రంథమునకు బదులు గైడు వచ్చెను. మూడేండ్ల చదువు పరీక్షకు ముందు మూడు వారముల వల్లెవేతగా కుదించుకొనిపోయెను. ఇట్లు బలహీనపరచబడిన చదువును చూపి "బి.ఏ.తో ప్రయోజనము లేదు" అనుట న్యాయము కాదు. ప్రయోజనము లేనిది చరిత్రకును అర్థశాస్త్రమునకును కాదు. వానిని చదువకుండగనే ఉత్తీర్ణులగు పద్ధతికి.

ఈ సీమ ప్రజాజీవిత చరిత్రయే ఆ ప్రశ్నకు కొన్ని పెద్ద సమాధానముల నిచ్చుచున్నది. బుచ్చిరెడ్డిపాళెమున జన్మించిన బెజవాడ గోపాలరెడ్డి శాంతినికేతనమున చదివి, రవీంద్రుని కృతులను తెలుగులోనికి తెచ్చి, 1955లో ఆత్మకూరునుండి శాసనసభ కెన్నికై ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రి యయ్యెను. ముప్పవరపు వెంకయ్యనాయుడు వి.ఆర్. కళాశాలలో రాజనీతి విషయములతో బి.ఏ. చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము ముగించి, 1978లోను 1983లోను ఉదయగిరినుండి శాసనసభ కెన్నికై, 2017లో భారత ఉపరాష్ట్రపతి పదవి నలంకరించెను. వెలిగొండల కావలనున్న కడపసీమవాడైన వై.వి. రెడ్డి అర్థశాస్త్రము చదివి, ఐ.ఏ.ఎస్.లో చేరి, 2003నుండి 2008వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేసెను. ఇట్టి జీవితములను జూపి ప్రతి విద్యార్థియు మంత్రి కావలెననుట అవివేకము. అయినను ముగ్గురియందును ఒక సామ్యము గమనింపదగియున్నది. వారిలో నెవ్వరును కళాశాల యిచ్చిన తొలిచదువు వద్ద ఆగలేదు; దానిపై మరియొక విద్యను, ఒకరు అనువాదమును, ఒకరు న్యాయమును, ఒకరు ఆర్థికపాలనమును, కట్టుకొనిరి. బి.ఏ. పునాది; పునాదిమీద గోడలేవకున్న తప్పు పునాదిది కాదు. ఈ సమీక్షలో నేను చెప్పదలచిన మాట ఇంతియే. తక్కినదెల్ల ఆ గోడలను గూర్చిన వివరమే.

మెట్టపిల్లలలో అధికసంఖ్యాకులు ఎన్నుకొను మార్గము ఉపాధ్యాయవృత్తి. ఎడ్‌సెట్ వ్రాసి, రెండేండ్ల బి.ఎడ్. చదివి, టెట్‌లో నెగ్గి, డి.ఎస్.సి.లో నిలిచినవారు సాంఘికశాస్త్రమునకో, తెలుగునకో, ఆంగ్లమునకో స్కూల్ అసిస్టెంటు లగుదురు. ఆంధ్రప్రదేశమున టెట్ మార్కులకు నూటికి ఇరువది పాళ్లు, డి.ఎస్.సి. పరీక్షకు ఎనుబది పాళ్లు విలువ గట్టుచున్నారు గనుక, టెట్‌ను కేవలము అర్హతాపరీక్షగా నెంచి అశ్రద్ధచేయువారు తుదకు ఒకటి రెండు మార్కులతో కొలువు పోగొట్టుకొనుట తరచుగా జరుగుచున్నది. మరియొక సంగతి: 2023 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థాన మిచ్చిన తీర్పుతో బి.ఎడ్. పట్టము ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయత్వమునకు చెల్లకపోయినది. ఆ కొలువు డి.ఎల్.ఎడ్. చదివినవారిది. ఇది తెలియక బి.ఎడ్. చదివినచో సెకండరీ గ్రేడు పోస్టులకును పోవచ్చునని నమ్మి చేరుచున్న పిల్లలు ఇంకను కలరు.

ఈ మార్గమున నున్న అసలు కష్టము పోటీకంటె కాలము. 2018 డి.ఎస్.సి. తరువాత పెద్దయెత్తున జరిగినది 2025లో 16,347 పోస్టులకు వెలువడిన ప్రకటనయే. నడుమ ఏడేండ్లు గడచెను. ఇరువదిరెండేండ్ల వయస్సున బి.ఎడ్. ముగించిన పిల్ల ఆ ఏడేండ్లును అవనిగడ్డ శిక్షణకేంద్రములలోను, నెల్లూరు గదులలోను గడపి, ఇరువదితొమ్మిదవ యేట పరీక్ష వ్రాయవలసివచ్చెను. ఆ పిల్లలను నిందింపజాలము. కాని ఆ కాలమున ప్రైవేటు పాఠశాలలో బోధించుచు ఎం.ఏ. ముగించినవారికి బోధనానుభవమును, మరియొక పట్టమును, స్వల్పమైనను నెలజీతమును దక్కినవని మరువరాదు. డి.ఎస్.సి. వచ్చినప్పుడు వారు ఇతరులకంటె వెనుకబడనును లేదు. బోధించినవానికి పాఠము మరపునకు రాదు గదా.

ప్రభుత్వోద్యోగ పరీక్షల విషయమున బి.ఏ. విద్యార్థికి సహజమైన మేలు కొంత కలదు. ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూపు-2 ప్రధానపరీక్షలో మొదటి పత్రము ఆంధ్రుల సాంఘిక సాంస్కృతిక చరిత్రయు భారత రాజ్యాంగమును. రెండవ పత్రమున భారతదేశపు, రాష్ట్రపు ఆర్థికవ్యవస్థయు, శాస్త్రసాంకేతిక విషయములును. ఇందలి మూడువంతులు చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి (హెచ్.ఇ.పి.) చదివిన విద్యార్థి మూడేండ్లు తరగతిగదిలో విన్నవే. అయినను ఆ కొలువులను ఇంజనీర్లు అనేకముగా గెలుచుకొనుట చూచి మనవారు ఆశ్చర్యపడుచున్నారు. విన్నదానిని వ్రాయలేకుండుటయు, లెక్కలును తర్కమును కలిగిన ప్రశ్నలను చూచి బెదరుటయు ఇందుకు కారణములు. ఆరవ తరగతినుండి పదవ తరగతివరకు గల గణితమును ఆరునెలలు శ్రద్ధగా తిరుగవేసినచో తీరు లోపమిది. సివిల్ సర్వీసు పరీక్షలోనైతే తెలుగుసాహిత్యమును ఐచ్ఛికవిషయముగా గైకొనవచ్చును. ప్రధానపరీక్ష 1750 మార్కులు, ముఖాముఖి 275 మార్కులు, వెరసి 2025 మార్కులలో భాషాభ్యాసము చేసినవానికి వ్యాసపత్రమున గల బలము చిన్నది కాదు.

అయితే ఈ పరీక్షల కాలగతి ఎట్టిదో ఎరిగి అడుగిడవలెను. 2023 డిసెంబరులో ప్రకటించిన గ్రూపు-2కు ప్రాథమికపరీక్ష 2024 ఫిబ్రవరిలోను, ప్రధానపరీక్ష 2025 ఫిబ్రవరిలోను జరిగినవి. ఒక్క ప్రయత్నమునకే ఏండ్లు పట్టునప్పుడు, హైదరాబాదు అశోక్‌నగరులో గది తీసికొని, ఇంటినుండి వచ్చు సొమ్ముతో, మరియొక ఆధారము లేక కూర్చుండుట మర్రిపాడు రైతుబిడ్డకు తగిన పథకము కాదని నా దృఢాభిప్రాయము. చిన్న కొలువులో కుదురుకొని పెద్ద పరీక్షకు చదువుటయే మేలు. 2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామసచివాలయ వ్యవస్థలో లక్షకు పైబడి యువకులు నియమింపబడినప్పుడు, పంచాయతీ కార్యదర్శి పదవికి ఏ డిగ్రీయైనను చాలియుండెను. ఆ కొలువులలో చేరి, సాయంత్రములు చదివి, పై పరీక్షలలో కృతార్థులైనవారు కలరు. పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు పరీక్షకును, స్టాఫ్ సెలక్షన్, రైల్వే పట్టభద్ర పరీక్షలకును ఇదే న్యాయము వర్తించును. బ్యాంకులలో గ్రామీణ బ్యాంకు మన పిల్లలకు దగ్గరి చుట్టము: ఒకప్పటి పినాకినీ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రగతిలో కలసి, అది 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలసిపోయినది, ఏ పేరున నున్నను అందు ఆఫీసు అసిస్టెంటు కొలువునకు ఏదైన డిగ్రీయును, స్థానికభాషాజ్ఞానమును, చురుకైన అంకగణితమును కావలెను.

న్యాయవాదవృత్తిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది; ఏలయన మెట్టసీమలో దానికి గల అవసరము మిక్కిలి పెద్దది, దానిని గూర్చి కళాశాలలలో జరుగు ప్రసంగము మిక్కిలి చిన్నది. లాసెట్ వ్రాసి మూడేండ్ల ఎల్.ఎల్.బి.లో చేరుటకు బి.ఏ. చాలును, నెల్లూరులోనే వి.ఆర్. లా కళాశాల కలదు. బార్ కౌన్సిళ్లు నమోదుకై వసూలుచేయు పెద్ద రుసుములను సర్వోన్నత న్యాయస్థానము 2024 జులైలో తగ్గించి, సాధారణ వర్గములకు 750 రూపాయలుగాను, షెడ్యూల్డు కులములకును తెగలకును 125 రూపాయలుగాను నిర్ణయించినది. దానితో గడపవద్దనే నిలిచిన బీదపిల్లలకు లోపలికి త్రోవ ఏర్పడినది. 2025 మేలో అదే న్యాయస్థానము జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేండ్ల వృత్త్యనుభవము అవసరమని మరల విధించినది. కావున న్యాయమూర్తి పదవి నాశించువారు పట్టము చేతికందిన వెంటనే శిక్షణకేంద్రమునకు పోక, ఆత్మకూరు, ఉదయగిరి వంటి చిన్న పట్టణముల కోర్టులలో ఒక పెద్ద వకీలువద్ద కూర్చుండి కాగితములు చదువుట నేర్చుట అనివార్యము. ఇది మంచి నియమము.

ఇక మెట్టలోని వ్యాజ్యముల స్వరూప మేమి? అధికముగా భూమియే. బ్రిటిషువారి కాలపు రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరుండవలసిన గడిలో చుక్కలుమాత్రమే పెట్టి విడిచిన భూములు ఈ రాష్ట్రమున విస్తారముగా కలవు. వానినే చుక్కల భూములందురు. తాతలనాటినుండి దున్నుకొనుచున్న చేను, రిజిస్ట్రేషను చట్టపు 22-ఏ నిషేధపు జాబితాలోనికి చేరుటచేత అమ్ముటకును కుదువపెట్టుటకును వీలులేకుండెను. ఈ చిక్కును విప్పుటకు 2017లో ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసివచ్చెను. చట్టము వచ్చినంతమాత్రమున రైతునకు ఫలము చేరదు, అడంగలును, ఆర్.ఎస్.ఆర్.ను, పన్నురసీదును ప్రక్కప్రక్కన నుంచి చదివి, అర్జీ వ్రాసి, విచారణలో నిలిచి మాటాడగల మనుష్యుడొకడు కావలెను. చరిత్ర విద్యార్థి చేయు పనియు సరిగా ఇదియే: పాతపత్రములను చదువుట, ఒకదానితో నొకటి సరిచూచుట, నిజమును నిర్ధారించుట. చరిత్ర చదివి న్యాయమభ్యసించిన మర్రిపాడు యువతి తన సీమ భూమిపత్రములలో నిపుణురాలైనచో, నగరమునకు వలసపోకయే గౌరవముగా జీవింపగలదని నేను విశ్వసించుచున్నాను. మొదటి నాలుగైదేండ్లు ఆదాయము స్వల్పమనుట నిజమే. ఆ కాలమును దాటుటకు కుటుంబము ఊతమీయవలసియుండును. ఊతమీయలేని కుటుంబములవారు న్యాయసేవాసంస్థల పారాలీగల్ వాలంటీర్లుగా పనిచేయుచు కోర్టు వ్యవహారమునకు అలవాటుపడవచ్చును.

భాషావృత్తుల మాట. నెల్లూరునుండి స్వాతంత్ర్యమునకు పూర్వమే పుట్టి నిలిచిన "జమీన్ రైతు" వంటి పత్రిక జిల్లా పాత్రికేయమునకు గౌరవము తెచ్చినది. నేడు విలేకరివృత్తిలో మండలస్థాయిన జీతముమీద బ్రతుకుట దుస్సాధ్యమనియు, డెస్కులో ఉపసంపాదకత్వమే కొంత నికరమైన కొలువనియు స్పష్టముగా చెప్పుట ధర్మము. అనువాదమునకు మాత్రము గిరాకి పెరుగుచున్నది. న్యాయస్థానముల తీర్పులు తెలుగులోనికి వచ్చుచున్నవి. కేంద్రప్రభుత్వము 2022లో ఆరంభించిన భాషిణి పథకము యంత్రములకు భారతీయభాషలు నేర్పు ప్రయత్నమున నున్నది. చలనచిత్రములకు, బోధనాచిత్రములకు, మొబైలు యాప్‌లకు తెలుగుపాఠము వ్రాయువారు కావలసియున్నారు. యంత్రానువాదము వచ్చినది గనుక అనువాదకునితో పని తీరినదని కొందరందురు. యంత్రము వ్రాసిన తెలుగును చదివిన వారెవరును ఆ మాట అనజాలరు. దానిని దిద్దగలవాడు రెండుభాషలను లోతుగా నెరిగినవాడై యుండవలెను. సాధారణానువాదకుని పని సన్నగిల్లి, మంచి అనువాదకుని విలువ పెరుగు కాలమిది. బి.ఏ.లో ఆంగ్లమును తప్పించుకొని తిరిగిన విద్యార్థికి ఈ ద్వారము మూయబడినట్లే.

2008లో తెలుగునకు ప్రాచీనభాషాప్రతిపత్తి లభించిన పిమ్మట మైసూరున నుండిన ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రము నెల్లూరునకు తరలివచ్చినది. అది ఈ జిల్లా విద్యార్థులకు అందివచ్చిన సదవకాశము; చదువదగిన సామగ్రియు ఇచ్చటనే కలదు. 1905లో బట్టర్‌వర్త్, వేణుగోపాలచెట్టి అను నిద్దరు నెల్లూరు మండల శాసనములను మూడు సంపుటములుగా ప్రకటించిరి. తాలూకాల వరుసను కూర్చిన ఆ గ్రంథమున ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల శిలాశాసనములు పెక్కు కలవు. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి చిరకాలమునకు గాని సాధింపజాలని ఉదయగిరి దుర్గము ఈ సీమదే. ఆ విజయమున నిచ్చటినుండి కొనిపోయిన బాలకృష్ణవిగ్రహమునకై హంపిలో ఆలయమే కట్టించెను. ఇంతటి చరిత్ర గల ప్రాంతమున లిపి చదువనేర్చినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. పురావస్తుశాఖ కొలువులు బహుస్వల్పములు, వానికి ఎం.ఏ.యు, ఆ పైని విశేషశిక్షణయు కావలెను. ఈ దారి పదిమందికి చెప్పదగినది కాదు, కాని రాళ్లను చూచి నిలిచిపోవు స్వభావముగల ఒక్క విద్యార్థికి తప్పక చెప్పదగినది.

ఇప్పుడు ఈ సమీక్షలో నాకు అన్నింటికంటె ముఖ్యముగా తోచు విషయమునకు వచ్చుచున్నాను. ఉదయగిరి ప్రాంతమున కలిగిరి మండలమందు దూబగుంట యను గ్రామము కలదు. 1990ల ఆరంభమున నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము జరుగుచుండగా, రాత్రిబడులలో కూలితల్లులు చదివిన వాచకములో సీతమ్మ కథ యను పాఠము కలదు. సారా సంసారములకు తెచ్చు కష్టమును చెప్పు చిన్నపాఠమది. దానిని చదివి, చర్చించి, తమ బ్రతుకును అందు గుర్తించి, దూబగుంట స్త్రీలు తమలో నొకతెయైన రోశమ్మ ముందు నడువగా తమ ఊరి సారాదుకాణమును మూయించిరి. 1992లో ఆ నిప్పు జిల్లాయంతట రగిలి, సారాపాటలను నిలిపివేసి, రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారానిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును కారణమయ్యెను. మద్యనిషేధము తరువాత సడలింపబడినది. ఆ స్త్రీల సంఘబలము మాత్రము పొదుపు ఉద్యమముగా మారి నేటికిని నిలిచియున్నది.

ఈ చరిత్రను పాఠశాలపిల్లలకు స్త్రీల ధైర్యమునకు నిదర్శనముగా చెప్పుదురు, అది సత్యము. నేను దానిలోని మరియొక అంశమును చూపదలచితిని. ఆ పాఠమును ఎవరో వ్రాసిరి. కూలితల్లి ఏ మాట పలుకునో, ఏ మాటకు ఉలికిపడునో ఎరిగినవారు, నాలుగు పంక్తులలో కథ నడుపనేర్చినవారు వ్రాసిరి. దానిని రాత్రి లాంతరు వెలుతురున చదివించి, "మన ఊళ్లో గూడా ఇట్లనే గదమ్మా?" అని అడిగి, సమాధానమునకై ఓపికతో వేచినవారు ఊళ్లలోని చదువుకొన్న యువకులు. భాష, సమాజశాస్త్రము, అర్థశాస్త్రము, రాజనీతి అను నాలుగు శాస్త్రములు ఆ రాత్రిబడిలో ఒక్కచోట పనిచేసినవి. బి.ఏ. చదువు దేనికి పనికివచ్చునని అడిగినవారికి మెట్టసీమ తన అనుభవమునుండియే చూపగల ప్రమాణమిది.

ఇట్టి పని నేడు వృత్తిగా నున్నదా? ఉన్నది; కొంత బలహీనముగానే యైనను ఉన్నది. ఎం.ఎస్.డబ్ల్యు. గాని, గ్రామీణాభివృద్ధిలో ఎం.ఏ. గాని చదివినవారు పొదుపుసంఘముల సమాఖ్యలలోను, ఆరోగ్య, బాలరక్షణ పథకములలోను, స్వచ్ఛందసంస్థలలోను పనిచేయుచున్నారు. ఉపాధిహామీ పనులపై సామాజిక తనిఖీ నిర్వహించుటలో తెలుగునాడు దేశమునకు మార్గదర్శకమైనది; మస్తరులను చదివి, కూలీలను ఇంటింట విచారించి, గ్రామసభలో బహిరంగముగా చదివి వినిపించు ఆ పనికి కావలసినది నిర్భయత్వమును, లెక్కయు, మాటనేర్పును. ఈ కొలువులు పెక్కు ఒప్పందపు కొలువులు. పథకము మారిన కొలువు పోవును. కావున ఇందు ప్రవేశించువారు నివేదిక వ్రాయుట, కంప్యూటరుపై గణాంకములను కూర్చుట నేర్చియుండవలెను. ఆ రెండునేర్పులు గలవారు ఒక పథకము ముగిసిన మరియొకదానికి పోగలరు.

పై చదువుల విషయమున మన పిల్లలకు సమాచారలోపమే పెద్ద ఆటంకము. దేశవిదేశములలో తత్త్వశాస్త్రమును గణితముతోను, చరిత్రను కంప్యూటరుతోను కలిపి బోధించు ఉదారవిద్యకు మిక్కిలి ఆదరమున్నది. నెల్లూరునకు దక్షిణముగా శ్రీసిటీలోనే క్రియా విశ్వవిద్యాలయము ఇట్టి విద్యనందించుచున్నది. లక్షల రుసుము చెల్లించి ధనికుల పిల్లలు చదువుచున్నది మన హెచ్.ఇ.పి.కి దూరపు బంధువేయని మర్రిపాడు తల్లిదండ్రులకు ఎవరైన చెప్పినచో వారు తమ బిడ్డ చదువును మరియొక దృష్టితో చూతురు. బెంగుళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయము కుటుంబాదాయమును బట్టి రుసుములో సాయము చేయును. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము, ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయము (ఇఫ్లూ), అనంతపురములోని కేంద్రీయ విశ్వవిద్యాలయము స్వల్పమైన రుసుమునకు ఎం.ఏ. చెప్పుచున్నవి, వీనికి సి.యు.ఇ.టి. వంటి జాతీయ ప్రవేశపరీక్షలు వ్రాయవలెను. నెల్లూరులో 2008లో ఏర్పడిన విక్రమసింహపురి విశ్వవిద్యాలయము ఇంటికి దగ్గర. ఎం.ఏ. పిమ్మట నెట్ పరీక్షలో పరిశోధకవేతనము సాధించినవారికి 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలు లభించుచున్నవి. చాలమంది మెట్ట కుటుంబములు కని విని యెరుగని ఆదాయమది. అయితే దానితరువాత రావలసిన కళాశాలాధ్యాపక నియామకములు ఏండ్ల తరబడి జాగగుచున్న సంగతి మరువక, పరిశోధన చేయుచునే ఇతర పరీక్షలును వ్రాయుట వివేకము.

ఆడపిల్లల విషయము వేరుగా చెప్పక తప్పదు. మర్రిపాడు, ఉదయగిరి ప్రాంతములనుండి బి.ఏ.లో చేరువారిలో బాలికలు గణనీయముగా కలరు; అందు పెక్కుమందికి ఆ చదువు పెండ్లికి ముందరి విరామముగా ఎంచబడుచున్నది. నెల్లూరు డి.కె. ప్రభుత్వ మహిళాకళాశాల వంటి విద్యాలయములు ఎంత మంచివైనను, వసతిగృహములో చోటు దొరకనిచో బస్సు ప్రయాణమునకు భయపడి చదువు మాన్పించువారున్నారు. వసతిగృహపు మంచమొకటి ఎన్ని జీవితములను మార్చునో పాలకులు లెక్కవేయుట మంచిది. పెండ్లియై చదువాగినవారికి 1982లో హైదరాబాదున స్థాపితమైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము చిరకాలము ఆసరాయైనది, దూరవిద్యలో బి.ఏ. ముగించి, పిల్లలు బడికి పోయిన పిమ్మట బి.ఎడ్. చదివి ఉపాధ్యాయినులైన తల్లులు తెలుగునాట అనేకులు.

ఇక మిగిలినది చదువు నడచుచున్న కాలములోనే చేయదగిన పని. రాష్ట్రమున 2023-24నుండి డిగ్రీలో మూడు సమానవిషయముల పద్ధతి పోయి ఒకే ప్రధానవిషయపు పద్ధతి వచ్చినది. చరిత్రను ప్రధానముగా గైకొన్నవారు కంప్యూటరునో, ఆంగ్లమునో, అర్థశాస్త్రమునో ఉపవిషయముగా నెంచుకొనుటయందు జాగ్రత్త వహింపవలెను. స్నేహితుడు తీసికొన్నదానిని తీసికొనుట సరికాదు. అంతకుముందే మొదటి సంవత్సరము తరువాత సమాజసేవా ప్రాజెక్టును, రెండవ సంవత్సరము తరువాత స్వల్పకాల ఇంటర్న్‌షిప్పును, తుదకు ఒక సెమిస్టరు పొడవునా దీర్ఘకాల ఇంటర్న్‌షిప్పును విధించియున్నారు. పెక్కుచోట్ల ఈ ప్రాజెక్టు పుస్తకమును జిరాక్సు దుకాణమున కొని సమర్పించుచున్నారు. ఇది విద్యార్థికి జరుగుచున్న ఘోరమైన నష్టము. సొంతయూరిలో రెండునెలలు నిజముగా తిరిగిన పిల్ల ఎన్ని బోర్లు ఎండినవో, ఎన్ని కుటుంబములవారు వలసపోయిరో, ఏ సర్వే నంబరు చుక్కలలో నున్నదో, ఏ పొదుపుసంఘము ఎంత అప్పు తీర్చినదో, గుడిముందటి రాతిమీది అక్షరములు 1905నాటి శాసనసంపుటములలో కలవో లేవో వ్రాసికొనవచ్చును. అధ్యాపకుడొకడు దానిని చదివి, దిద్ది, మండలకార్యాలయమునకు ఒక ప్రతి, గ్రామసచివాలయమునకు ఒక ప్రతి ఇప్పింపవచ్చును. కళాశాల అనుమతికై వేచియుండక, మొదటి సంవత్సరపు పరీక్షలు ముగిసిన మరునాడే ఈ పని ఆరంభింపవచ్చును. అందుకు కావలసినది ఒక నోటుపుస్తకము, ఊరి పెద్దలతో మాటాడు చనువు, వేసవియెండకు తలపై ఒక తువాలు.